ఇంట్లో బీట్లు చేయడానికి చిన్న డ్రమ్ ప్యాడ్: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ కదా: రూమ్‌లో ఉంటూ ఎఫ్‌ఎల్ స్టూడియోలో (కంప్యూటర్‌లో పాటలు చేసే సాఫ్ట్‌వేర్) మౌస్‌తో ఫోక్ బీట్లు, తీన్మార్ బీట్లు చేస్తున్నావు, ఎంత చేసినా మిషన్ కొట్టినట్టే వస్తున్నాయి, ఒక పదివేల దాకా పెట్టగలవు, లాప్‌టాప్ పక్కన జానెడు జాగానే ఉంది, వేళ్ళతో కొట్టి వాయించే డ్రమ్ ప్యాడ్ కొనాలంటే 8 ప్యాడ్‌లది తీసుకోవాలా 16వా, లేకపోతే వీడియోల్లో అందరి దగ్గరా కనిపించే ఆ 64 లైట్లదా అని. నేను చిన్నప్పుడు మా ఊళ్ళో భజనల్లో ఢోలక్ వాయించేవాణ్ణి, ఇప్పుడు 12 ఏళ్ళ నుంచి ఇంట్లోనే ట్రాకులు చేస్తున్నా, ఈలోపు నాలుగైదు రకాల ప్యాడ్‌లు నా టేబుల్ మీదికి వచ్చి వెళ్ళాయి. కాబట్టి కాస్త వివరంగా చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు సూటిగా సమాధానం. 16 ప్యాడ్‌లు ఉన్నది తీసుకో, నాలుగు వరుసల్లో నాలుగేసి ఉన్నది, ప్యాడ్ ఒక్కోటి రెండు వేళ్ళు పట్టేంత పెద్దగా ఉన్నది, దెబ్బ బలాన్ని పట్టుకునేది. నీ బడ్జెట్ దరిదాపుల్లో అలాంటిది అంటే నాకు ముందు గుర్తొచ్చేది అకాయ్ ఎంపీడీ218. ఎక్కడ తక్కువకి దొరుకుతుందో చూసుకో, రేట్లు ఊరికే మారుతుంటాయి. కానీ మోడల్ పేరు కంటే ముఖ్యమైంది ఒకటుంది, అది అర్థమైతే ఏ కంపెనీది కొన్నా తప్పు కొనవు.

నీ బీట్ మిషన్‌లా ఎందుకు ఉందో ఒకసారి ఆలోచించు. మౌస్‌తో పెట్టిన ప్రతి నోటూ ఒకే బలంతో మోగుతుంది. ఢోలక్ వాయించేవాణ్ణి దగ్గరగా చూడు, ఆరు దెబ్బల నడకలో గట్టిగా పడేవి రెండో మూడో, మిగతావి చర్మం మీద వేలు అలా ఆనించి తీసినట్టు ఉంటాయి, దూరం నుంచి వింటే అవి వినపడుతున్నాయని కూడా తెలీదు, కానీ అవి తీసేస్తే నడక చచ్చిపోతుంది. ఆడించేది ఆ లేత దెబ్బలే. డప్పులోనూ అంతే, సిర్ర అనే లావు పుల్ల ఇచ్చే పెద్ద దెబ్బల మధ్యలో చిటికెన పుల్ల నింపే చిన్న చిన్న దెబ్బల్లోనే ఊపు ఉంటుంది. మిడి భాషలో, అంటే ప్యాడ్ కంప్యూటర్‌తో మాట్లాడే భాషలో, ఈ బలాన్నే వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 దాకా అంకె. నువ్వు కొనే ప్యాడ్ 110, 120 ఇవ్వడం గొప్ప కాదు, ఎంత చవక ప్యాడ్ అయినా గట్టిగా కొడితే ఇస్తుంది. 25, 30, 40 ఇవ్వగలదా, నువ్వు అనుకున్నప్పుడల్లా ఇవ్వగలదా, అదీ చూడాల్సింది. లేత దెబ్బ పడితే అసలు మోగకపోవడం, లేదా ఒక్కసారిగా 70కి ఎగరడం, ఈ రెండూ ఉన్న ప్యాడ్ మన బీట్లకి పనికిరాదు. హౌస్, ట్రాప్ లాంటి ఎలక్ట్రానిక్ బీట్లు చేసేవాళ్ళు సర్దుకుపోవచ్చేమో, మనకి కుదరదు.

ఇప్పుడు ఆ 64 లైట్ల సంగతి. నోవేషన్ లాంచ్‌ప్యాడ్ మినీ చూడ్డానికి బాగుంటుంది, కానీ దానికి వెలాసిటీ లేదు, ఎలా నొక్కినా ఒకటే బలం. అది దాని తప్పు కాదు, దాన్ని చేసిందే ఏబుల్టన్ లైవ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో లూపులు, క్లిప్పులు (ముందే చేసిపెట్టుకున్న ముక్కలు) స్టార్ట్ చేయడానికి, స్విచ్ బోర్డు లాంటిదన్నమాట. దాని అన్న లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌కి వెలాసిటీ ఉంది, నొక్కి పట్టుకునే ప్రెషర్ కూడా ఉంది, కానీ రేటు ఎక్కువ, ప్యాడ్‌లు చిన్నవి, రెండు చేతులతో స్పీడ్‌గా వాయించేటప్పుడు పక్కదానికి వేలు తగులుతూనే ఉంటుంది. స్టేజి మీద లూపులు ఆడించాలి అంటే అది వేరే లెక్క, నువ్వు అడిగింది దరువు వాయించడం గురించి, దానికి ఇది నేను చెప్పను.

8 ప్యాడ్‌ల విషయానికొస్తే, అకాయ్ ఎల్‌పీడీ8 లాంటివి బ్యాగులో పుస్తకం పక్కన పడతాయి, చవక, 8 నాబ్‌లు (తిప్పే బటన్లు) కూడా ఇస్తాయి. 25 కీలున్న మినీ కీబోర్డుల మీద కూడా 8 ప్యాడ్‌లు వస్తాయి, ఎంపీకే మినీ, మినీల్యాబ్ లాంటివి. ట్యూన్ కూడా నువ్వే కట్టుకుంటావు, ఇంట్లో ఏ కీబోర్డూ లేదు అంటే ఆ మినీ కీబోర్డు తీసుకోవడంలో న్యాయం ఉంది, ఒకే డబ్బులకి రెండు పనులు. కానీ నువ్వే రాశావు కదా పాత క్యాసియో ఒకటి ఉందని, వెనకాల యూఎస్‌బీ లేదా మిడి పోర్ట్ ఉందేమో చూడు, ఉంటే ట్యూన్లకి అదే సరిపోతుంది. ఇక నీ బీట్‌లో ఎన్ని శబ్దాలు కావాలో వేళ్ళ మీద లెక్కపెట్టు. కిక్, స్నేర్, మూసిన హ్యాట్, తెరిచిన హ్యాట్, అప్పుడే నాలుగు. డప్పుకి నడి దెబ్బ, అంచు దెబ్బ, చేత్తో అదిమిన దెబ్బ, మూడు. ఢోలక్‌కి ఎడమ గుమ్కీ, కుడి తెరిచిన దెబ్బ, చాపు దెబ్బ, ఇంకో మూడు. ఇప్పటికే పది, ఇంకా తాళాలు, గజ్జెలు, ఈలలు పెట్టనే లేదు. 8 ప్యాడ్‌ల దాంట్లో బ్యాంకులు, అంటే అవే ప్యాడ్‌లకి ఇంకో సెట్టు శబ్దాలు, మార్చుకోవచ్చు అంటారు, నిజమే, కానీ దరువు మధ్యలో బ్యాంక్ బటన్ నొక్కడానికి మూడో చెయ్యి ఉండదు కదా.

కోర్గ్ నానోప్యాడ్2కి 16 ప్యాడ్‌లు ఉన్నాయి, చాలా సన్నగా ఉంటుంది, పక్కన వేలితో గీసే టచ్‌ప్యాడ్ కూడా ఉంటుంది. కాకపోతే అవి రెండు వరుసల్లో ఎనిమిదేసి. ఆర్టూరియా బీట్‌స్టెప్ కూడా అలాగే రెండు వరుసలు, కానీ దాని అసలు బలం దాంట్లో ఉన్న స్టెప్ సీక్వెన్సర్ (బీట్‌ని అడుగు అడుగుగా పెట్టుకుంటే తనే వాయించేది), 16 నాబ్‌లు, విడిగా సింథసైజర్లు ఉన్నవాళ్ళకి బంగారం, నీకు ఇప్పుడు అవసరం లేదు. రెండు వరుసల వాటిల్లో చేతులు పక్కకి పరుగెత్తాలి, నాలుగు వరుసల దాంట్లో రెండు అరచేతులూ ఒక్కచోటే ఉండి వేళ్ళే పైకీ కిందికీ కదులుతాయి. ఈ నాలుగు నాలుగుల అమరిక ఊరికే రాలేదు, 1988లో డ్రమ్ మిషన్లు తయారుచేసే రోజర్ లిన్ అకాయ్ వాళ్ళతో కలిసి చేసిన ఎంపీసీ60 అనే బీట్ మిషన్ నుంచి హిప్‌హాప్ వాళ్ళు దాని మీదే వేళ్ళు అరగదీశారు. హిప్‌హాప్ బీట్లు చేసిన జే డిల్లా వాడిన ఎంపీసీ3000ని (దాని తర్వాతి మోడల్) ఈరోజు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ళ మ్యూజియంలో పెట్టారు. ఆయన పేరు ఎందుకు తీశానంటే, గ్రిడ్‌కి (టైమ్‌ని సమానంగా కోసిన గీతలకి) సరిగ్గా అతికించకుండా చేతి నడకని అలాగే వదిలేసి బీట్లు చేసి పేరు తెచ్చుకున్నాడు, నువ్వు వెతుకుతున్నది కూడా అదే.

బడ్జెట్ పెంచగలిగితే నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ మాషీన్ మైక్రో ఎంకే3 ప్యాడ్‌లు చాలా మెత్తగా పలుకుతాయి, నాకు ఎంపీడీ కంటే అవే ఇష్టం, ఎంపీడీ218 మీద కాస్త బలంగానే కొట్టాలి, కొత్తలో వేళ్ళు నొప్పెడతాయి. కానీ దాని కోసం అప్పు చేయొద్దు. ఆ తేడా డబ్బులు ఎక్కడ పెట్టాలో కింద చెప్తా.

కొనేముందు పరీక్ష ఎలా చేయాలో చెప్తా, ఇది మాత్రం వదలకు. షాప్‌లో అయినా, సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్ళ ఇంట్లో అయినా నీ లాప్‌టాప్ పట్టుకుని పో. ఎఫ్‌ఎల్ తెరిచి ఎఫ్10 కొడితే మిడి సెట్టింగ్స్ వస్తాయి, ఇన్‌పుట్ లిస్టులో ప్యాడ్ పేరు మీద క్లిక్ చేసి ఎనేబుల్ చెయ్. ఒక డ్రమ్ కిట్ పెట్టి రికార్డ్ ఆన్ చేసి ఒకే ప్యాడ్ మీద ఇరవై దెబ్బలు వెయ్యి, మొదటిది గాలి తగిలినట్టు, చివరిది గట్టిగా, మధ్యలోవి కొంచెం కొంచెం పెంచుకుంటూ. ఆపి పియానో రోల్ (వాయించిన నోట్లు కనిపించే కిటికీ) తెరిచి కింద వెలాసిటీ గీతలు చూడు. మంచి ప్యాడ్ అయితే మెట్లలా ఎక్కుతాయి. పాడు ప్యాడ్ అయితే మొదటి అయిదారు దెబ్బలు అసలు ఉండవు, తర్వాత ఒక్కసారిగా గోడ. తర్వాత అదే ప్యాడ్ నాలుగు మూలల్లో ఒకే బలంతో కొట్టు, నడిమధ్యలో 90 వచ్చి మూలల్లో 40 వస్తే వాయించేటప్పుడు నీకు పిచ్చెక్కుతుంది. ఇలా 16 ప్యాడ్‌లూ చూడు, పది నిమిషాలు పడుతుంది, అమ్మేవాళ్ళు చిరాకు పడ్డా పర్లేదు. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ టైమ్ అయిపోకముందే ఇంట్లో ఇదే చేసుకో, డబ్బా పారేయకు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాకు దెబ్బ తగిలింది కాబట్టి. నా రెండో ప్యాడ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, పేరెందుకులే, లైట్లు వెలుగుతున్నాయి కదా అని చూసి డబ్బులిచ్చేశా. ఇంటికొచ్చాక తెలిసింది, కింది వరుసలో ఒక ప్యాడ్ ఒక్కసారి కొడితే రెండుసార్లు మోగుతోంది, అది కూడా కిక్ పెట్టుకునే ప్యాడే. విప్పి చూస్తే లోపల సెన్సార్ షీట్ మీద దుమ్ము, ఏదో జిగురు. పొడి బట్టతో తుడిచి, ప్యాడ్ అడుగున ఎలక్ట్రికల్ టేప్ ముక్క రెండు పొరలు అంటించాక చాలా వరకు కుదుటపడింది. ఈ టేప్ కిటుకు చాలామంది చేస్తారు, రబ్బరుకీ సెన్సార్‌కీ మధ్య సందు తగ్గి లేత దెబ్బ కూడా అందుతుంది. కానీ వారంటీ ఉన్నదాన్ని మాత్రం విప్పకు. సెకండ్ హ్యాండ్ మంచిదే, పైన చెప్పిన పరీక్ష పాస్ అయితే కళ్ళు మూసుకుని తీసుకో, నాబ్ ఒకటి వదులుగా ఉన్నా పట్టించుకోకు, యూఎస్‌బీ పోర్ట్ కదులుతుంటే మాత్రం వదిలెయ్.

లాగ్ గురించి అడిగావు, కొడితే కాసేపటికి మోగుతుందట కదా అని. అది ప్యాడ్ వల్ల వచ్చేది చాలా తక్కువ, లాప్‌టాప్ సౌండ్ సెట్టింగ్ వల్ల. ఆడియో సెట్టింగ్స్‌లో డివైస్‌గా మామూలు విండోస్ డ్రైవర్ ఉంటే మార్చి ఎఫ్‌ఎల్ స్టూడియో ఏసియో (ఆలస్యం తగ్గించే డ్రైవర్) పెట్టు, లేదా ఏసియో4ఆల్ ట్రై చెయ్, తర్వాత బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి కూడబెట్టి పంపే శబ్దం ముక్క) తగ్గించు. సెకనుకి 44100 శాంపిల్స్ (ఇక్కడ శబ్దం కొలతలు అని) రేటులో 512 శాంపిల్స్ అంటే దాదాపు 11.6 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8, 128 అంటే 2.9. దీని మీద సౌండ్ కార్డు ఆలస్యం ఇంకొంచెం కలుస్తుంది. 256 దగ్గర వాయించగలవు, 128 దగ్గర హాయిగా ఉంటుంది, టప్ టప్ మని పగులుతుంటే మళ్ళీ పెంచు. మిక్సింగ్‌కి వచ్చాక 1024 పెట్టుకున్నా నష్టం లేదు, అప్పుడు వాయించవు కదా. ఇంకో ముఖ్యమైన మాట, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాయించావంటే ఏ సెట్టింగూ నిన్ను కాపాడదు, వాటిల్లో ఆలస్యం వంద మిల్లీసెకన్లు కూడా దాటిపోతుంటుంది, 120 టెంపోలో పదహారో నోటు అంటేనే 125 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక నోటు వెనక్కి పోయినట్టే. వైర్ ఉన్న హెడ్‌ఫోన్ కొను. పైన తేడా డబ్బులు అన్నాను చూడు, అవి ముందు దీనికే. ఆ తర్వాత ఇంకా మిగిలితే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (బయట పెట్టుకునే సౌండ్ కార్డు) కోసం దాచుకో, దాని సొంత ఏసియో డ్రైవర్‌తో లాగ్ బాధ చాలా వరకు పోతుంది.

ప్యాడ్ వచ్చాక కంగారు పెట్టే విషయం ఒకటి, కొడితే తప్పు శబ్దం రావడం. ప్యాడ్ పంపేది శబ్దం కాదు, నోట్ నంబర్ మాత్రమే. జనరల్ మిడి లెక్కలో (అందరూ వాడే నంబర్ల పట్టికలో) 36 కిక్, 38 స్నేర్, 42 మూసిన హ్యాట్, 46 తెరిచిన హ్యాట్, 49 క్రాష్. ఈ 36నే ఏబుల్టన్ సీ1 అంటుంది, ఎఫ్‌ఎల్ సీ3 అంటుంది, అందుకే వీడియోలో వాళ్ళు చెప్పిన నోటు నీ దగ్గర రెండు ఆక్టేవులు తేడాగా కనిపిస్తే ప్యాడ్ పాడైందనుకోకు. అక్షరాన్ని వదిలేసి నంబర్ పట్టుకో. ఎఫ్‌ఎల్‌లోనే ఉండే డ్రమ్ ప్యాడ్‌ల సాధనం ఎఫ్‌పీసీలో 16 ప్యాడ్‌లు ఉంటాయి కాబట్టి నీ చేతి కింద ఉన్నదీ స్క్రీన్ మీద ఉన్నదీ ఒకేలా పెట్టుకోవచ్చు. తెరిచిన హ్యాట్ మోగుతుండగా మూసిన హ్యాట్ కొడితే మొదటిది ఆగిపోవాలి, ఎఫ్‌పీసీలో కట్, కట్ బై అని రెండు అంకెలు ఉంటాయి, రెండు ప్యాడ్‌లకీ ఒకే అంకె ఇస్తే అయిపోయింది. డప్పుకి కూడా ఇలాగే చెయ్, అదిమిన దెబ్బ పడగానే నడి దెబ్బ మోత ఆగాలి, నిజం డప్పులో చెయ్యి పెడితే ఆగుతుంది కదా, అలా.

అసలు రుచి ఇక్కడుంది. రెడీమేడ్ డప్పు శాంపిల్ (రికార్డ్ చేసిన ఒక దెబ్బ) ఒక్కటే పట్టుకుని వెలాసిటీ మారిస్తే వాల్యూమ్ మాత్రమే మారుతుంది, గొంతు మారదు. లేత దెబ్బకి చర్మం పలికే తీరే వేరు. మీ ఊరికి పోయినప్పుడు డప్పు వాయించేవాళ్ళని మర్యాదగా అడిగి, వాళ్ళ టైమ్‌కి డబ్బులిచ్చి ఒక పూట రికార్డ్ చేసుకో. నేను అలాగే చేశా. ఆయన ముందు గడ్డి మంట వేసి డప్పు కాచాడు, రెండు మూడుసార్లు వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, ఇంకా కాలేదని మళ్ళీ కాచాడు. చర్మం వేడెక్కి బిగిసేకొద్దీ శ్రుతి ఎక్కడం నేను అక్కడే నిలబడి విన్నా. చల్లారేకొద్దీ మళ్ళీ దిగిపోతుంది కాబట్టి కాచిన వెంటనే గబగబా తీసుకోవాలి. ఒక్కో రకం దెబ్బ నాలుగు బలాల్లో, ఒక్కో బలం మూడేసి సార్లు తీసుకున్నా. ఎఫ్‌పీసీలో ఒకే ప్యాడ్‌కి పొరలు పొరలుగా శాంపిల్స్ పెట్టి ఏ వెలాసిటీకి ఏది మోగాలో చెప్పొచ్చు, 1 నుంచి 40 దాకా ఒకటి, 41 నుంచి 75 దాకా ఇంకొకటి, అలా పైకి. ఆ రోజు తీసినవే నేను ఇప్పటికీ వాడుతున్నా. మెత్తగా పలికే ప్యాడ్ విలువ ఈ పొరలు పెట్టాకే తెలుస్తుంది, పొరలు లేకపోతే ఎంత ఖరీదు ప్యాడ్ అయినా వేస్ట్.

తీన్మార్‌కి ఇంకో మాట. నీ గ్రిడ్ మామూలుగా బీట్‌ని నాలుగు ముక్కలు చేసి ఉంటుంది, మన నడక మూడు ముక్కలది. స్నాప్‌ని (నోట్లు అతుక్కునే గీతల కొలతని) 1/3 బీట్‌కి మార్చు, ఇంకా సన్నగా కావాలంటే 1/6 బీట్. చాలామంది నాలుగు ముక్కల గ్రిడ్ మీద వాయించి క్వాంటైజ్ (నోట్లని గ్రిడ్ గీతలకి లాగేయడం) కొట్టేస్తారు, దెబ్బలన్నీ పక్కకి జరిగి బీట్ కుంటుతుంది, మళ్ళీ నా చెయ్యే బాలేదు అనుకుంటారు. ఎంపీడీ218లో నోట్ రిపీట్ (దెబ్బ తనంతట తనే మళ్ళీ మళ్ళీ పడటం) ఉంది, దాన్ని ట్రిప్లెట్‌లో (మూడు ముక్కల నడకలో) పెట్టి ప్యాడ్ నొక్కి పట్టుకుని బలం మార్చుతూ ఉంటే గజ్జెలు, తాళాల లైను నిమిషంలో వచ్చేస్తుంది. క్వాంటైజ్ చేయాల్సి వస్తే పెద్ద దెబ్బలకి మాత్రమే చెయ్, లేత దెబ్బల్ని ఎక్కడ పడ్డాయో అక్కడే వదిలెయ్. దాని ఫుల్ లెవెల్ బటన్ మాత్రం ఆన్‌లో లేకుండా చూసుకో, అది ఆన్ అయితే అన్నీ 127కే పోతాయి, ప్యాడ్ పాడైందని కొత్తవాళ్ళు అనుకునేది ఎక్కువగా దీనివల్లే.

జాగా గురించి: ఎంపీడీ218 దాదాపు ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టేంత చోటు తీసుకుంటుంది, నీ జానెడుకి కొంచెం ఎక్కువే, కానీ లాప్‌టాప్‌ని కాస్త పైకి ఎత్తి పెట్టుకుంటే కింద సరిపోతుంది. లాప్‌టాప్ పోర్ట్‌కే డైరెక్ట్‌గా పెట్టు, చవక హబ్‌కి పెడితే మధ్యలో కనెక్షన్ పోయి సగం టేక్ పోతుంది. కింద నాలుగు మడతల టవల్ వెయ్యి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక నీకు తెలీదు కానీ వేళ్ళ దెబ్బలు టేబుల్ కాళ్ళ గుండా నేలలోకి దిగి కింద పోర్షన్ వాళ్ళకి రాత్రి పదకొండుకి టకటకటక అని వినపడుతుంది, మా ఓనర్ ఆంటీ పైకి వచ్చి అడిగాకే నాకు తెలిసింది.

మొదటి నెల కొత్త కిట్లు డౌన్‌లోడ్ చేసుకుంటూ కూర్చోకు. కిక్, డప్పు నడి దెబ్బ, అంచు దెబ్బ, ఈ మూడే పెట్టుకుని 90 టెంపోలో రోజూ ఇరవై నిమిషాలు వాయించు, ఎడమ చేతి లేత దెబ్బలు 30, 40 మధ్యలో నిలబడేదాకా టెంపో పెంచకు. ఎంపీడీ అయినా ఇంకోటి అయినా ముందు పరీక్ష చేసి ఆ వెలాసిటీ గీతల స్క్రీన్‌షాట్ నాకు పంపు, చూసి ఉంచుకోవాలో తిప్పి పంపాలో చెప్తా.